నలభైలో నడుముకు ఆపరేషను... తొంభైలో నీళ్ళమీద స్వారీ!

ఒక దృశ్యం ఊహించుకోండి. విశాలమైన సరస్సు. దానిమీద ఒక మోటారు పడవ బాణంలా దూసుకుపోతోంది. పడవ వెనుక పొడుగాటి తాడు. ఆ తాడు కొస పట్టుకుని ఒక మనిషి నీళ్ళమీద నిలబడి జారుకుంటూ వస్తున్నాడు. కాళ్ళకింద చెక్కలు లేవు, పలకలు లేవు. వట్టి పాదాలు! ఒంటిమీద పసుపుపచ్చ దుస్తులు. చూస్తూ ఉండగానే చేతులు రెండూ వదిలేసి, తాడును పళ్ళతో కరచి పట్టుకున్నాడు. ఒడ్డున చప్పట్లే చప్పట్లు.

ఎవరో పాతికేళ్ళ కుర్రాడై ఉంటాడనుకుంటున్నారు కదూ? కాదు. ఆయన పుట్టింది 1915 జనవరి 22న. ఇలాంటి విన్యాసాలతో పేరు మోగిపోయింది మనవల్ని ఎత్తుకునే వయసులో. తొంభై దాటాక కూడా ఆయన వట్టి పాదాలతో నీళ్ళమీద నిలబడ్డాడు. పేరు జార్జ్ బ్లెయిర్. లోకం పిలిచిన పేరు 'బనానా జార్జ్'. మన మాటల్లో చెప్పాలంటే 'అరటిపండు జార్జి' అన్నమాట.

అసలు విశేషం ఇంకా చెప్పలేదు. నలభై ఏళ్ళు వచ్చేదాకా ఆయనకు ఈ ఆట తెలియదు. మొదలుపెట్టింది ఎప్పుడో తెలుసా? నడుముకు ఆపరేషను చేయించుకుని కోలుకుంటున్న రోజుల్లో!

ఇప్పుడొకసారి మన ఇళ్ళవైపు చూద్దాం. నలభై ఏళ్ళాయనకు ఒకనాడు బకెట్టు ఎత్తబోతే నడుము పట్టేస్తుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. పరుపు తీసేసి బల్లమీద పడుకోబెడతారు. "నెలరోజులు కదలకు" అని ఒకరు, "ఇక జన్మలో వంగకు" అని ఒకరు. నెల గడిచేసరికి నొప్పి సంగతి దేవుడెరుగు, మనిషిలో ధైర్యం పోతుంది. కూరల సంచీ మోయడానికి భయం, పసిపిల్లవాణ్ణి ఎత్తుకోవడానికి భయం. నలభైలోనే ముసలితనం వచ్చి కూర్చుంటుంది.

ఈ ఇద్దరిలో ఎవరి దారి సరైనది? అలాగని మిమ్మల్ని చెరువులోకి దూకమనడం లేదు సుమా! ఆ కథలో మన నడుముకు పనికివచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. వాటినే ఈ వారం చెప్పుకుందాం.

ఏమిటీ ఆట?

వాటర్ స్కీయింగ్‌ను మనలో చాలామంది సినిమాల్లో చూసి ఉంటారు. మంచుమీద పలకలు కట్టుకుని జారినట్టే, పడవ లాగుతుంటే నీటిమీద జారడం. దీన్ని మొదలుపెట్టినవాడు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రానికి చెందిన రాల్ఫ్ శామ్యూల్సన్ అనే యువకుడు. లేక్ సిటీ అనే ఊళ్ళో, పెపిన్ సరస్సుమీద 1922లో. మంచుమీద జారగా లేనిది నీళ్ళమీద ఎందుకు జారకూడదని ఆయనకు తోచింది. ముందు పీపా చెక్కలు కట్టుకుని చూశాడు, మునిగాడు. మంచుమీద వాడే పలకలు కట్టుకుని చూశాడు, మళ్ళీ మునిగాడు. చివరికి ఎనిమిదడుగుల పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు చెక్కలు రెండు తెచ్చి, వాటి ముందు కొసలను వేణ్ణీళ్ళ ఆవిరిలో మెత్తబరచి పైకి వంచాడు. కాళ్ళు దూర్చడానికి తోలుపట్టీలు బిగించాడు. అన్నయ్య పడవ నడుపుతుంటే, జులై 2న, పలకల కొసలు నీటిపైకి ఎత్తిపెట్టి ఒళ్ళు కొద్దిగా వెనక్కి వాల్చేసరికి నిలబడగలిగాడు. ఆ మర్నాడు ఆయన పంతొమ్మిదో పుట్టినరోజు!

ఆ తరువాత ఆట పెరిగి పెద్దదయింది. 1949లో ఫ్రాన్సులో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా కూడా చూపించారు. నీళ్ళలో తేలే గుర్తుల మధ్య మెలికలు తిరుగుతూ పోవడం ఒక పోటీ, విన్యాసాలు ఒకటి, ఏటవాలు బల్లమీదినుంచి గాలిలోకి ఎగరడం ఇంకొకటి.

ఈ ఆటలో శరీరం చేసే పని కాస్త గమనించండి. పడవ ముందుకు లాగుతూ ఉంటుంది. నీరు పాదాలను తన్నుతూ ఉంటుంది. ఈ రెండింటి మధ్య మనిషిని నిటారుగా నిలబెట్టవలసింది తొడలు, పిరుదులు, పొట్ట, వీపు కండరాలే. అలలు వచ్చినప్పుడల్లా మోకాళ్ళు స్ప్రింగుల్లా వంగి లేవాలి. పట్టు తప్పితే గంటకు యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో నీళ్ళలో పడటమే. ఆ వేగంలో నీరు పరుపులా ఉండదు, గచ్చులా ఉంటుంది. అందుచేత ఈ ఆటలో నడుము దెబ్బలు, మోకాలి దెబ్బలు మామూలే. ఈ నిజం ముందే చెప్పుకోవడం మంచిది.

అరటిపండు జార్జి కథ

జార్జ్ బ్లెయిర్ పుట్టింది ఒహాయో రాష్ట్రంలోని టొలీడోలో. పెద్దయ్యాక వ్యాపారంలో బాగా రాణించాడు. ఆసుపత్రుల్లో అప్పుడే పుట్టిన పసిపాపలకు ఫోటోలు తీయించి తల్లిదండ్రులకు అమ్మే వ్యాపారం అది. డబ్బు వచ్చింది. కానీ నడుము మొరాయించింది. చివరికి ఆపరేషను దాకా వెళ్ళింది.

1950ల మధ్యలో, నలభై ఏళ్ళ వయసులో, ఆపరేషను తరువాత కోలుకోవడానికి ఫ్లోరిడా వెళ్ళాడు. అక్కడే మొదటిసారి వాటర్ స్కీయింగ్ నేర్చుకున్నాడు. అదే ఆయన జీవితాన్ని తిప్పేసింది. నలభై ఆరో ఏట పలకలు కూడా వదిలేసి వట్టి పాదాలతో నిలబడటం నేర్చాడు. వట్టి పాదాలమీద నిలవాలంటే పడవ ఇంకా వేగంగా పోవాలి, ఎందుకంటే పాదం వైశాల్యం పలకకంటే ఎంతో తక్కువ. వేగం తగ్గిందా, మనిషి మునిగిపోతాడు.

అక్కడితో ఆగాడా? లేదు. ఏడు ఖండాల్లోనూ వట్టి పాదాలతో స్కీయింగ్ చేశాడు. ఏడులో అంటార్కిటికా కూడా ఉందని మరిచిపోకండి! డెబ్భై ఐదో ఏట మంచుమీద జారే స్నోబోర్డు కొత్తగా నేర్చుకున్నాడు. ఫ్లోరిడాలోని వింటర్ హేవెన్ వాటర్ స్కీ ఆటకు రాజధానిలాంటి ఊరు. ఆయన అక్కడా గడిపాడు. బట్టలు పసుపు, పడవ పసుపు, కారు పసుపు. కనబడ్డవారికల్లా అరటిపండ్లు పంచిపెట్టడం అలవాటు. అందుకే ఆ పేరు. వాటర్ స్కీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటిచ్చారు. 2013 అక్టోబరు 17న, తొంభై ఎనిమిదో ఏట కన్నుమూశాడు.

ఒకే ఆట, రెండు వెన్నెముకలు

ఇక్కడ ఆగి, మొదట చెప్పుకున్న శామ్యూల్సన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఈ ఆటను కనిపెట్టిన ఆ మనిషి ఏమయ్యాడు? 1937లో ఫ్లోరిడాలో పడవల షెడ్డు కట్టే పనిలో ఉండగా ప్రమాదం జరిగి ఆయన వెన్ను విరిగింది. దానితో ఆట ముగిసిపోయింది. సొంత రాష్ట్రానికి తిరిగివెళ్ళి టర్కీ కోళ్ళు పెంచుకుంటూ బతికాడు. ఆట కనిపెట్టింది ఆయనేనన్న సంగతి కూడా లోకం మరిచిపోయింది. 1966లో గానీ అమెరికా వాటర్ స్కీ సంఘం ఆయన్ను అధికారికంగా గుర్తించలేదు. 1977లో ఆయన మరణించాడు.

చూశారా? ఒకరికి నడుము దెబ్బతో ఆట ముగిసింది. ఇంకొకరికి నడుము ఆపరేషను తరువాతే ఆట మొదలైంది. శామ్యూల్సన్‌కు పట్టుదల తక్కువనా? ఎన్నిసార్లు మునిగినా వదలకుండా ఒక ఆటనే సృష్టించినవాడికి పట్టుదల తక్కువని ఎవరనగలరు! తేడా పట్టుదలలో లేదు. దెబ్బ వేరు, కాలం వేరు, అందిన వైద్యం వేరు. పైగా బ్లెయిర్‌కు డబ్బుంది, తీరిక ఉంది, అదృష్టమూ ఉంది.

అందుకే "ఫలానాయన లేచి పరుగెత్తాడు, నీకేమొచ్చింది?" అని నొప్పితో ఉన్న మనిషిని ఎత్తిపొడవకండి. నడుమునొప్పులన్నీ ఒకటి కావు. ముందు ఆ నొప్పి ఏ జాతిదో తేల్చుకోవాలి.

మీ నొప్పి ఏ జాతిది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచంలో 61 కోట్ల 90 లక్షల మందికి నడుమునొప్పి ఉంది. వారిలో నూటికి తొంభైమందికి, ఇదీ కారణం అని వేలుపెట్టి చూపగల జబ్బు ఏదీ కనబడదు. కండరాలు, కీళ్ళు, వాటిని పట్టి ఉంచే తంతువులు అలసిపోయో, మెలిపడో, బలహీనపడో వచ్చే నొప్పి అది. చాలామందికి కొద్దివారాల్లో దానంతటదే తగ్గుతుంది.

మిగిలినవారి సంగతి వేరు. ఈ కింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటివైద్యం మాని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

మలమూత్రాలమీద అదుపు తప్పడం, మూత్రం రాకుండా బిగిసిపోవడం, కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం. వీటిలో ఏది కనిపించినా అది అత్యవసరం. రేపు చూద్దాం అనుకోకండి. ఆ రోజే, ఆ గంటే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. నరాలు నలిగిపోతున్నాయని దాని అర్థం. ఆలస్యమైతే పోయిన శక్తి తిరిగి రాకపోవచ్చు.

కాలు బలం తగ్గిపోవడం, నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం. నొప్పితోపాటు జ్వరం రావడం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకుండా నిద్రలోంచి లేపడం. మన దేశంలో క్షయ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసలకూ వస్తుందని గుర్తుంచుకోండి. గతంలో కాన్సరు వచ్చి తగ్గినవారికి, చాలాకాలంగా స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నవారికి, పైనుంచి పడ్డాక నొప్పి మొదలైనవారికి, యాభై ఐదు దాటాక మొదటిసారి నడుమునొప్పి వచ్చినవారికి కూడా పరీక్ష తప్పనిసరి.

ఇవేవీ లేవనుకోండి. డాక్టరు చూసి "భయంలేదు" అన్నాడనుకోండి. అప్పుడు మీరు బ్లెయిర్ దారిలో నాలుగడుగులు వేయవచ్చు.

మంచం మందు కాదు

ఒకప్పుడు నడుమునొప్పికి వారాల తరబడి పడక వేయించడమే వైద్యంగా ఉండేది. తరువాత వైద్యులే దాన్ని పరీక్షకు పెట్టారు. 1986లో అమెరికాలో జరిగిన ఒక పరిశీలనలో, రోగులలో కొందరికి ఏడురోజులు, కొందరికి రెండురోజులు పడక సలహా ఇచ్చి చూశారు. ఎక్కువ రోజులు పడుకున్నవారికి ఒరిగిందేమీ లేదు, పైగా వారు పనికి ఎక్కువ రోజులు పోలేకపోయారు. 1995లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో నగర ఉద్యోగులు 186 మందిని మూడు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టు రెండురోజులు మంచం దిగలేదు. ఒక జట్టు నడుముకు వ్యాయామాలు చేసింది. మూడో జట్టు నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు చేసుకుంటూ పోయింది. అందరికంటే త్వరగా కోలుకున్నది మూడో జట్టే!

దీనికి కారణం తేలికగానే అర్థమవుతుంది. వెన్నెముక అంటే తెరచాప స్తంభం లాంటిది. నిలబెట్టేది కర్ర ఒక్కటే కాదు, నాలుగువైపులా బిగించిన తాళ్ళు. ఆ తాళ్ళే కండరాలు. నాలుగు రోజులు పని లేకపోతే అవి సడలిపోతాయి. అప్పుడు బరువంతా వెన్నుపూసలమీద, వాటి మధ్య మెత్తల్లా ఉండే డిస్కులమీద పడుతుంది. మళ్ళీ నొప్పి, మళ్ళీ మంచం. ఈ గానుగ చుట్టూ తిరగడం మీకెందుకు?

నొప్పి మరీ తీవ్రంగా ఉన్న ఒకటి రెండు రోజులు కాస్త నడుము వాల్చండి, తప్పులేదు. కానీ గంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయండి. నొప్పి తగ్గేకొద్దీ నడక పెంచండి.

స్కీ నేర్పే గురువు చెప్పే పాఠం

నీళ్ళలోంచి లేవడం కొత్తవారికి ఎలా నేర్పుతారో తెలుసా? మోకాళ్ళు గుండెలదాకా ముడుచుకుని, నీళ్ళలో గొంతుక్కూర్చున్నట్టు ఉండమంటారు. చేతులు చాచి ఉంచమంటారు. పడవ కదలగానే కొత్తవాడు చేసే తప్పు ఒక్కటే. తొందరపడి చేతులతో తాడును గుంజుకుంటాడు, కాళ్ళు నిటారుగా చాపేస్తాడు. వెంటనే బోర్లాపడతాడు. గురువు చెప్పేది: "నువ్వు లేవకు. ముడుచుకునే ఉండు. పడవే నిన్ను లేపుతుంది."

నడుము బాగుపడటం కూడా ఇంతే. మొదటిరోజే లేచి గ్యాస్ బండ ఎత్తి చూడాలనుకోకండి. క్రమంగా పెరిగే పనే మిమ్మల్ని లేపుతుంది. డాక్టరు సరేనన్నాక ఇంట్లోనే చేసుకోదగినవి మూడు చెబుతాను.

ఒకటి. చాపమీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. మెల్లగా పిరుదులు పైకెత్తి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించండి. ఊపిరి బిగబట్టకండి. పదిసార్లు చేయవచ్చు, మొదట్లో అయిదు చాలు.

రెండు. గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతుల ఆసరా లేకుండా లేచి నిలబడండి. మళ్ళీ నిదానంగా కూర్చోండి, దబ్బున పడిపోకూడదు. ఇది కూడా పదిసార్లు. తొడలకు ఇంతకంటే చవకైన వ్యాయామం లేదు. తొడలు బలంగా ఉంటే బరువెత్తేటప్పుడు నడుముకు పని తగ్గుతుంది.

మూడు. నడక. అన్ని వయసులవారికీ ఇదే రాజు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రోజుకు అరగంట చొప్పున వారానికి అయిదురోజులన్నమాట. ఒక్కసారి కుదరకపోతే పొద్దున పావుగంట, సాయంత్రం పావుగంట.

చేస్తుంటే నడుములో కాస్త బిగుతుగా, సలుపుగా ఉండటం సహజం. నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి పెరుగుతున్నా ఆపి డాక్టరుకు చెప్పండి. ఆపరేషను జరిగినవారు మాత్రం ఏ వ్యాయామమైనా సర్జనును, ఫిజియోథెరపిస్టును అడక్కుండా మొదలుపెట్టకూడదు. బ్లెయిర్ సంగతి ఎలా ఉన్నా, నడుము ఆపరేషనైనవారికి వాటర్ స్కీయింగ్ చేయమని ఏ డాక్టరూ సలహా ఇవ్వడు.

ఇంట్లో బరువులెత్తే పద్ధతి కూడా ఆ ఆటగాణ్ణి చూసి నేర్చుకోవచ్చు. మోకాళ్ళు వంగి ఉంటాయి, చూపు ముందుకు ఉంటుంది. మీరు నీళ్ళ బిందె ఎత్తేటప్పుడు కూడా అంతే. బిందెకు దగ్గరగా నిలబడి, మోకాళ్ళు వంచి, బిందెను ఒంటికి ఆనించుకుని లేవండి. దూరంగా నిలబడి వంగి, పక్కకు మెలితిరుగుతూ ఎత్తడమే ప్రమాదం.

బెల్టు మాటేమిటి?

"నడుముకు పట్టీ కట్టుకోమంటారా?" అని చాలామంది అడుగుతారు. 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుమునొప్పిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సలహాలలో వ్యాయామం ఉంది, రోగికి విషయం వివరంగా చెప్పడం ఉంది. బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షను మాత్రం మామూలుగా వాడవద్దన్న జాబితాలో ఉన్నాయి. ఎముక విరిగినప్పుడో, ఆపరేషను తరువాతో డాక్టరు కట్టమంటే అది వేరే సంగతి. కొట్లో కొనుక్కుని ఏళ్ళ తరబడి బిగించుకు తిరిగితే నడుమును మీరే సోమరిగా మార్చినట్టు.

నొప్పి మాత్రల విషయంలోనూ జాగ్రత్త. మందులషాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రోజూ మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బీపీ, షుగరు ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇక స్కానింగుల సంగతి. నడుమునొప్పి ఎన్నడూ ఎరుగని మనిషికి స్కాను తీసినా, వయసు పైబడుతుంటే డిస్కు అరిగిందనో, కాస్త ఉబ్బిందనో రావచ్చు. తల నెరిసినట్టే అదీను. కాగితంమీద రాసింది చూసి కుంగిపోకండి. మీ లక్షణాలతో కలిపి చదివి చెప్పవలసింది డాక్టరే.

ఒంటికాలిమీద పది సెకన్లు

అరటిపండు జార్జి తొంభైలో నిలబడగలిగింది కండబలంతోనే కాదు, తూకంతో. శరీరాన్ని పడకుండా నిలుపుకునే ఈ శక్తి యాభై దాటాక నెమ్మదిగా తగ్గుతుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళను మంచానికి కట్టిపడేస్తున్నది ఏమిటి? బాత్రూములో జారిపడటం, తుంటి ఎముక విరగడం. ఆ తరువాత ఎందరో మళ్ళీ మునుపటిలా నడవలేకపోతున్నారు.

బ్రెజిల్‌లో 51 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసున్న 1,702 మందిని పరీక్షించి, 2022లో ఫలితాలు ప్రకటించారు. పరీక్ష చాలా చిన్నది. ఆసరా లేకుండా ఒంటికాలిమీద పది సెకన్లు నిలబడాలి. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తరువాతి ఏడేళ్ళలో, నిలబడలేనివారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఒంటికాలిమీద నిలబడలేకపోవడమే చావుకు కారణమని దీని అర్థం కాదు. లోపల ఒళ్ళు బలహీనపడుతోందని చెప్పే గంట అది.

మీరూ చూసుకోండి. గోడపక్కనో, వంటింటి గట్టు పక్కనో నిలబడి, ఎవరైనా దగ్గరుండగా ప్రయత్నించండి. రాకపోతే బెంగపడకండి. గట్టుమీద వేళ్ళు ఆనించి రోజూ కాసేపు సాధన చేస్తే మెరుగవుతుంది. అరవై ఐదు దాటినవారు వారానికి కనీసం మూడురోజులు తూకానికీ, బలానికీ పనికివచ్చే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దీనితోపాటు బాత్రూములో తడి తుడవడం, గోడకు ఒక పట్టుకమ్మీ బిగించడం, రాత్రి చిన్న దీపం ఉంచడం చేయండి. ఇంతకంటే తక్కువ ఖర్చులో వచ్చే ఎముకల వైద్యం మరొకటి లేదు.

మరి అరటిపండు?

ఈ కథ విన్నవారు చివరికి అడిగేది ఇదే. "అరటిపండ్లు తినడం వల్లేనా అంత ఆయుష్షు?" ఒక్క పండుతో ఆయుష్షు పెరిగితే రావులపాలెంలో అందరూ నూరేళ్ళు దాటి ఉండాలి! అరటిపండు మంచి ఆహారమే. మధ్యరకం పండులో సుమారు 100 కాలరీలు, 400 మిల్లీగ్రాముల పొటాషియం, కాస్త పీచు ఉంటాయి. ఆటలాడే పిల్లలకు బజారు బిస్కెట్లకంటే చక్కెరకేళి ఎంతో మేలు. షుగరు ఉన్నవారు మాత్రం మరీ మిగలపండినది కాకుండా, చిన్నది, లెక్కలో చూసుకుని తినాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్నిరకాల బీపీ మాత్రలు వాడేవారికి రక్తంలో పొటాషియం పెరిగి గుండెకు ప్రమాదం కావచ్చు. వారు డాక్టరును అడిగి తినాలి.

తాడు వదిలేయడం కూడా నేర్చుకోండి

వాటర్ స్కీయింగ్‌లో మొదటిరోజే నేర్పే పాఠం ఇంకొకటి ఉంది. పడిపోతున్నానని తెలియగానే తాడు వదిలేయాలి. పంతంకొద్దీ పట్టుకుని వేలాడితే పడవ మనిషిని నీళ్ళలో ఈడ్చుకుపోతుంది. దెబ్బలు తగిలేది అప్పుడే. వదిలేస్తే పడవ చుట్టు తిరిగి మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది. మళ్ళీ పట్టుకుని లేవచ్చు.

మన సంసారాల్లో ఈ తాడు వదలనివారు ఎందరో! నడుము విరుగుతున్నా పండుగనాడు బియ్యం బస్తా తామే ఎత్తే ఇల్లాళ్ళు, నొప్పి మాత్ర మింగి ఓవర్‌టైము చేసే ఉద్యోగులు. నొప్పి హద్దు దాటితే ఆ పూట ఆపండి. ఇంట్లో ఇంకొకరిని సాయం పిలవండి. రేపు మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అయితే రేపు మొదలుపెట్టడం మాత్రం మానకండి.

మీ ఇంట్లో ఎవరైనా ఇప్పుడు నడుమునొప్పితో మంచంమీద ఉన్నారా? పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేవని డాక్టరు చేత తేల్చుకున్నారా? అయితే ఈ పత్రిక పక్కన పెట్టి, వారికి చెయ్యి అందించండి. ఇవాళ వీధి గుమ్మందాకా నడిపించండి. రేపు ఎదురింటిదాకా. అరటిపండు జార్జి ఏడు ఖండాలు తిరిగింది కూడా నలభయ్యో ఏట అలా ఒకసారి తడబడుతూ లేచి నిలబడబట్టే.